తాగనోడి వాటా

అడగను కూడా అడగలేదు. కౌంటర్లో పిల్ల పేరు అడిగింది, వయసు అడిగింది, ఊరు నకరికల్లేనా, నకరికల్లు పక్కనా అని అడిగింది, పొద్దుటి నుంచి ఏమైనా తిన్నారా అని రెండుసార్లు అడిగింది, ఆ ఒక్క గడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం తల ఎత్తకుండా నిన్నటి డాక్టరు రాసిచ్చిన చీటీ వైపు ఓ చూపు చూసి టిక్కు పెట్టేసింది. మద్యం అలవాటు, ఉంది. అద్దానికి ఇవతల నిలబడి రాతను తలకిందులుగా చదవడం మల్లికార్జునకు కొత్త కాదు, పద్దెనిమిదేళ్ళుగా కంకర టిప్పర్ తోలుతూ కాటా దగ్గర తూకం బిల్లులన్నీ అలాగే చదువుతున్నాడు. "ఏమ్మా, నన్నడక్కుండా నేను తాగుతానని ఎట్టా రాశావ్?" అన్నాడు. గొంతు తను అనుకున్న దానికంటే పెద్దగా వచ్చింది, వెనక బెంచీల మీద వాళ్ళంతా ఇటు తిరిగారు. మెడలో హిమజ అని కార్డు వేసుకున్న ఆ పిల్ల ఏమాత్రం తొణకలేదు. "చీటీలో ఉంది సార్, నేను సొంతంగా రాసింది కాదు. మీది పద్నాలుగో నంబరు. ఈ సీసా నీళ్ళు మొత్తం తాగి కూర్చోండి. పిలిచేదాకా బాత్రూంకి వెళ్ళకూడదు" అంది. వెళ్తే ఏమవుతుందంటే, మళ్ళీ మొదటి నుంచి తాగాలంది. నరసరావుపేట ఆసుపత్రుల వీధిలో ఉన్న ఆ స్కానింగ్ సెంటర్లో అప్పటికి లోపలికి వెళ్ళింది ఆరో నంబరు.

సీసా తీసుకుని బెంచీ దగ్గరికి వచ్చాడు. తల్లి మస్తానమ్మ గోడవైపు చివర కూర్చుని ఉంది. అతను పక్కన కూర్చోబోతే సర్దుకుంటున్నట్టుగా ఇంకొంచెం గోడకు జరిగింది, మధ్యలో మనిషి పట్టేంత ఖాళీ మిగిలింది. ఆ ఖాళీని చూస్తే అతనికి ఒళ్ళు మండింది. నిన్న మధ్యాహ్నం నుంచి ఆమె నోట్లోంచి ఒక్క మాట రాలేదు. నిన్న ఆ కుర్ర డాక్టరు, మీసాలు కూడా సరిగా రాని డాక్టరు, రక్తపరీక్ష కాగితాన్ని వేలితో కొట్టి, లివర్ దెబ్బతింటోందయ్యా, ముందు ఆ మందు మానెయ్, మానకపోతే నా దగ్గరికి రాకు అని ఆమె ముందే అన్నాడు. నేను తాగనండి అంటే నవ్వాడు. అందరూ ఇదే చెప్తారు అన్నాడు. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు, కానీ తను ఏ చెట్టు కిందా కూర్చోలేదే. తను బండి తోలే కంకర క్రషర్లో నలభై మంది తాగుతారు, తను తాగడు. ఊళ్ళో పెళ్ళికి తాగడు, చావుకి తాగడు, ఎలక్షన్లప్పుడు సీసాలు ఇంటి గుమ్మం దాకా తెచ్చిచ్చినా తాగలేదు. డాక్టరు అన్నాడంటే అన్నాడు, వాడికి తన సంగతి ఏం తెలుసు. ఈమెకు తెలియదా? కన్న తల్లికి తెలియదా? బస్సులో వచ్చేటప్పుడు ఆమె రెండుసార్లు ముక్కు ఎగబీల్చింది. జలుబు కాదు. వాసన చూసింది. కన్నకొడుకు నోటి వాసన చూసింది, నలభై ఒక్కేళ్ళ కొడుకుది.

నీళ్ళు తాగాడు. ఖాళీ కడుపులోకి చల్లగా దిగి, అక్కడ ఏమీ లేకపోయేసరికి గొడగొడమన్నాయి. ఎదురుగా గోడకు టీవీ, టీవీలో ఎవడో తెల్లబట్టల కుర్రాడు ఇసుకలో పరిగెత్తుకొచ్చి నల్లటి కూల్‌డ్రింకు సీసా మూత తీస్తున్నాడు, నురగ పొంగుతోంది, చుట్టూ ఆడపిల్లలు చప్పట్లు కొడుతున్నారు. టీవీ కింద ఫ్రిజ్. ఫ్రిజ్‌లో అవే సీసాలు, నారింజ రంగువి, నల్లవి, పచ్చవి, ఒకదాని వెనక ఒకటి. ఆసుపత్రిలో అమ్ముతున్నారంటే మంచివేగదా, లేకపోతే ఎందుకు అమ్ముతారు. నల్లది అతనికి ఇష్టం. ఇష్టం ఎప్పుడు అయిందో చెప్పలేడు గానీ, మొదలు మాత్రం గుర్తుంది. క్రషర్లో శనివారం సాయంత్రం జీతాలు ఇచ్చాక ఓనరు డ్రైవర్లకు తలా ఒక క్వార్టరు సీసా ఇప్పిస్తాడు, అది ఆనవాయితీ, వాళ్ళ నాన్న కాలం నుంచి వస్తోంది. తాగనివాడు ఒట్టి చేతులతో పోతే బాగుండదు కదా, పైగా రేపు వాడు కూడా ఏదో ఒకటి అడుగుతాడు, అందుకని వాడికి రెండు లీటర్ల డ్రింకు. తాగనోడి వాటా అంటారు దాన్ని. తాగనోళ్ళు మొత్తం క్రషర్లో ఇద్దరే, తనూ, జమాలూ. జమాల్ తన సీసా పిల్లలకు పట్టుకుపోయేవాడు. తను మాత్రం ఆదివారం మధ్యాహ్నం మంచం మీద కూర్చుని గ్లాసు తరవాత గ్లాసు ఖాళీ చేసేవాడు, ఎందుకంటే అది ఉచితంగా వచ్చిన సీసా కాదు, తన కష్టం మీద వచ్చిన సీసా, తాగకుండా ఉన్నందుకు వచ్చిన సీసా. పెళ్ళిళ్ళలో పందిరి వెనక మగాళ్ళంతా చేరితే, "ఒరేయ్, మల్లిగాడికి డ్రింకు పొయ్యండ్రా, చిన్నపిల్లోడు" అని నవ్వేవాళ్ళు. నవ్వనీ. గ్లాసు ఎత్తి వాళ్ళ గ్లాసుకు తగిలించి తాగేవాడు. వాళ్ళు ఎన్ని పోసుకుంటే తనూ అన్ని పోసుకునేవాడు. మగతనంలో ఎవరికీ తీసిపోకూడదు కదా.

ఏడో నంబరు పిలిచారు. పొత్తికడుపు బరువెక్కుతోంది. కాలు మీద కాలు వేసుకుని, అది నొప్పిగా ఉంటే తీసేసి, మళ్ళీ వేసుకున్నాడు. అవతల వరసలో ఎవరో ముసలాయన పంచె సర్దుకుంటూ ఇదే అవస్థ పడుతున్నాడు. నాయన కడుపు కూడా ఇలాగే బిగుసుకుపోయి ఉండేది, ఇలా కాదు, ఇంతకు పదింతలు. నాయన పేరు చిన్నకోటయ్య, నాపరాళ్ళ క్వారీలో సుత్తి పని, రాయి మీద చెవి పెట్టి ఎక్కడ కొడితే నిలువునా చీలుతుందో చెప్పేవాడు, అంత పనిమంతుడు. నలభై అయిదేళ్ళకు కళ్ళు పసుపు పచ్చగా, కాళ్ళూ చేతులూ పుల్లల్లా, పొట్ట ఒక్కటే నీళ్ళకుండలా మిగిలాడు. గుంటూరు పెద్దాసుపత్రిలో పొట్టలోకి సూది గుచ్చి నీళ్ళు తీస్తుంటే కింద బేసిన్ పట్టుకుంది పదిహేడేళ్ళ మల్లికార్జునే. ఆ బేసిన్ బరువు ఇప్పటికీ మణికట్టులో ఉంది. చివరి రోజున కూడా నాయన అడిగింది మందే, నీళ్ళు కాదు, కొడుకుని కాదు. ఆ మాట తలుచుకుంటే చచ్చిపోయిన మనిషి మీద ఇప్పటికీ కోపం వస్తుంది, పళ్ళు కొరుక్కునేంత కోపం, ఆ కోపం ముందు ఏడుపు ఎప్పుడూ రాలేదు. పెద్దకర్మ అయిన మర్నాడు అమ్మ అతన్ని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, చెయ్యి తీసుకుని తన నెత్తిన పెట్టుకుంది. జన్మలో దాని జోలికి పోనని ఒట్టెయ్యి అంది. వేశాడు. అప్పుడు డబ్బాలోంచి బెల్లం ముక్క తీసి నోట్లో పెట్టింది. "ఆయన చేదు తాగి పొయ్యాడు. నువ్వు తీపి తిని బతుకు నాయనా" అంది. ఆ రోజు నుంచి ఒక్క పొద్దు కూడా తప్పలేదు, అతను పనికి బయల్దేరేముందు గుమ్మంలో నిలబడి ముక్క చేతిలో పెట్టాల్సిందే, అతను నోట్లో వేసుకోవాల్సిందే. అది అతని ఒట్టుకు రోజూ వేసే ముద్ర. పెళ్ళయి సరిత ఇంటికి వచ్చాక కూడా ఆ పని కోడలికి ఇవ్వలేదు.

ఆమె పంతం అలాంటిది. గోపాలకృష్ణయ్య బెల్టు షాపులోనే నాయన తాగేవాడు. ఆ షాపు ఎప్పుడో మూసేశాడు, ఇప్పుడక్కడ సెల్ రీచార్జి చేస్తారు, అయినా మస్తానమ్మ ఇరవై నాలుగేళ్ళుగా ఆ గుమ్మం తొక్కలేదు. తొక్కకపోవడం కాదు, ఆ వీధిలోంచే నడవదు, బస్సుకు పోవాలన్నా చుట్టూ తిరిగి మాలక్ష్మమ్మ గుడి వెనకనుంచి పోతుంది. గోపాలకృష్ణయ్య తల్లి చనిపోయినప్పుడు ఊరంతా వెళ్ళింది, ఈమె వెళ్ళలేదు. పోసినోడి మొహం నేను చూడనని అంది. తాగినోడి సంగతి ఏందమ్మా అని అతను ఒకసారి అడిగాడు. తాగినోడు పొయ్యాడుగా అంది. అంత కోపం ఇన్నేళ్ళు దాచుకోగలిగిన మనిషి, తన కొడుకు కూడా చాటుమాటుగా ఎవడి గుమ్మమో తొక్కాడని నమ్మితే ఇక జన్మలో మాట్లాడదు. అది అతనికి తెలుసు. పక్కన ఖాళీ మనిషంతే ఉంది గానీ, అది అలాగే ఉండిపోతుందేమోనని అతని భయం. లివర్ పోతే పోనీ, ఈమె తనని చిన్నకోటయ్య కొడుకని తేల్చేసుకుంటే మాత్రం భరించలేడు.

జేబులో ఫోను వణికింది. శశికాంత్, క్రషర్ సూపర్‌వైజరు. ఎత్తకపోతే ఆగదు, ఎత్తినా ఆగదు. "అన్నా, ఎక్కడ? నీ బండి ఇంకా షెడ్డులోనే చూపిస్తంది జీపీఎస్‌లో. వినుకొండ రోడ్డు పని దగ్గర రోలర్ ఖాళీగా నిలబడి ఉంది." చెప్పాను కదా, ఆసుపత్రికి వస్తానని నిన్ననే చెప్పాను కదా అన్నాడు మల్లికార్జున. "గంటలో అయిపోద్దా?" పద్నాలుగో నంబరు అన్నాడు. "అందరికీ ఉంటయ్యి అన్నా రోగాలు, చూసుకో మరి" అని పెట్టేశాడు. వాడికి ఇరవై ఆరేళ్ళు. వాడి ఫోనులో ఒక మ్యాపు ఉంటుంది, అందులో మల్లికార్జున ఒక పచ్చ చుక్క, నిలబడితే ఎర్ర చుక్క. టీ తాగడానికి ఆగితే ఎర్ర చుక్క, టైరు దిగితే ఎర్ర చుక్క. తెల్లారి మూడున్నరకు మొదటి ట్రిప్పు, మధ్యాహ్నం రెండు మెతుకులు స్టీరింగ్ మీదే, రోజుకు ఆరు ట్రిప్పులు, ఏడు తిప్పితే బోనసు, అయిదే తిప్పితే నలుగురి ముందు మాటలు. ఫోను మోగిందంటే చాలు చెయ్యి జేబు మీదికి పోతుంది, మోగకపోయినా మోగినట్టు ఉంటుంది. ఇంటికొచ్చి పడుకున్నా కాలు బ్రేకు తొక్కుతుందని సరిత నవ్వేది మొదట్లో, ఇప్పుడు నవ్వడం లేదు. అలుపు తీరాలంటే తోటివాళ్ళు మందు వేసుకునేవాళ్ళు, అతను మాత్రం దారిలో ఆగిన ప్రతిచోటా టీ, టీలో పంచదార ఇంకో చెంచా, దాని వెనక డ్రింకు. చేతులు వణుకుతుంటే తీపి పడగానే తగ్గేది. తప్పేముంది అందులో? తీపి తిన్నవాణ్ణి పోలీసులు పట్టుకోరు, పెళ్ళాం తిట్టదు.

క్రషర్ ఓనరు కూడా బెల్లమే ఇచ్చేవాడు. రాళ్ళు పిండి అవుతుంటే లేచే దుమ్ముకు ఎదుటి మనిషి కనపడడు, ముక్కులో తీస్తే తెల్లటి పేస్టు వస్తుంది. మాస్కులు అడిగితే, మాస్కులా, మా తాతల కాలంలో ఏం మాస్కులున్నాయిరా, బెల్లం తినండి, గొంతులో దుమ్మంతా కడుక్కుపోద్ది అని సాయంత్రం పూట తలా ఒక ముక్క పంచిపెట్టేవాడు. అందరూ నమ్మారు. ఇప్పటికీ నమ్ముతారు. క్వారీల్లో నాయన కాలంలోనూ అంతే, నాయన తన ముక్క జేబులో వేసుకుని ఇంటికి తెచ్చేవాడు, ఆ ముక్కకు ఎప్పుడూ బీడీల వాసన. బెల్లానికి పెట్టిన డబ్బులో సగం పెడితే నలభై మందికి మాస్కులు వచ్చేవి, ఆ సంగతి మల్లికార్జునకు ఇవాళ, ఇక్కడ, ఉచ్చ బిగబట్టుకుని కూర్చున్నప్పుడు తట్టింది. ఇన్నేళ్ళూ దండం పెట్టి తీసుకున్నాడు. దండం పెట్టి!

పదకొండో నంబరు. ఇక కూర్చోలేక లేచి నిలబడ్డాడు, నిలబడితే ఇంకా కష్టంగా ఉండి గోడకు ఆనుకున్నాడు. పోతే పోయింది వెధవ స్కానింగు, బాత్రూంకి పోయి, అట్నుంచి అటే బస్టాండుకి పోయి, ఏదో ఒక షాపు ముందు నిలబడి, మొట్టమొదటిసారి ఒక క్వార్టరు అడిగి, మూత తీసి, ఈ నోట్లో పోసుకుంటే? ఎవడు ఏమంటాడు? అనాల్సిందంతా తాగకముందే అనేశారు కదా. ఇరవై నాలుగేళ్ళు. నాలుగు కాదు, ఇరవై నాలుగు. వానలో, చలిలో, యాక్సిడెంటులో కాలు విరిగిన రోజు, కూతురు జ్వరంతో పోయిన రోజు కూడా, ఒరేయ్ ఒక్క చుక్క వేసుకో నిద్రపడుద్ది అని అందరూ బతిమాలినా, ఆ రోజు కూడా అతను తాగింది పంచదార నీళ్ళే. నాయనకి వచ్చిందే తనకీ వచ్చేదానికి, తనెందుకు తాగకుండా ఉన్నట్టు? ఏం సాధించినట్టు? కనీసం నాయన మత్తుగానన్నా బతికాడు. తను ఏ మత్తూ లేకుండా, అన్నీ తెలుస్తూ, అందరూ నవ్వుతుంటే గ్లాసులో రంగునీళ్ళు పట్టుకుని నిలబడ్డాడు. ఈ దేవుడికి లెక్క రాదు, లేదా ఎవడి చీటీ ఎవడికి ఇచ్చాడో చూసుకోలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు చేతిలో ఖాళీ సీసాను నలిపాడు, అది టపటపమంటే హిమజ తల ఎత్తి చూసింది. నువ్వేం చూస్తావు, టిక్కు పెట్టావుగా.

మెడ దురద పెట్టింది. గోకాడు. అదొకటి, రెండేళ్ళుగా మెడ చుట్టూ నల్లగా మందంగా మురికి పట్టింది, ఎంత రుద్దినా పోదు. క్రషర్ దుమ్మే చర్మంలోకి ఇంకిపోయిందని సరిత ఆదివారం ఆదివారం కొబ్బరిపీచు పెట్టి తోముతుంది, సున్నిపిండి పెడుతుంది, మంట పుట్టి కేకలేస్తే ఊరుకో, ఎనుబోతు కూడా ఇంత మురికిగా ఉండదు అంటుంది. అమ్మ అయితే నిమ్మచెక్క పెట్టి రుద్దింది. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు కలిసి ఒక మెడను తెల్లగా చెయ్యలేకపోయారు. కాలర్ పైకి లాక్కున్నాడు. ఈ స్కానింగు అయిపోనీ, లోపలి బొమ్మ బయటికి రానీ. మిషన్ అబద్ధం చెప్పదు. ఇది మందు తాగినవాడి లివర్ కాదు అని రాసిస్తే, ఆ కాగితం పట్టుకుని ముందు ఆ కుర్ర డాక్టరు బల్ల మీద కొడతాడు, తరవాత అమ్మకు చదివి వినిపిస్తాడు. ఆమె ఎదురుగా కూర్చుని ఒక్కో అక్షరం వినాలి. వాసన చూసినందుకు సిగ్గుపడాలి. ఆ మాట అనుకోగానే కొంచెం ఊపిరి ఆడింది.

పద్నాలుగు అన్నారు.

లోపల చీకటిగా, చల్లగా ఉంది. డాక్టరు ఆడమనిషి, యాభై దాటి ఉంటాయి, బయట బోర్డు మీద దేవిక అని చదివాడు. పొట్ట మీద చల్లటి జెల్లు పోసి, నున్నటి మిషన్ ముక్కతో కుడి పక్కటెముకల కింద నొక్కుతూ, గాలి పీల్చండి, ఆపండి, వదలండి అంటోంది. పొత్తికడుపు మీద నొక్కినప్పుడు ప్రాణం పోయినంత పనైంది, పళ్ళ బిగువున ఓర్చుకున్నాడు. మస్తానమ్మ ఎవరూ రమ్మనకపోయినా వెనకే వచ్చి తలుపు దగ్గర నిలబడింది. "లివర్‌కి కొవ్వు బాగా పట్టింది. గ్రేడ్ టూ, మూడింట్లో రెండో మెట్టు" అంది డాక్టరు.

"మందు వల్ల కాదుగా డాక్టరుగారూ? అది చెప్పండి. మిషన్లో తెలుస్తదిగా."

"మిషన్లో కొవ్వు తెలుస్తుంది. అది మందు వల్ల పట్టిందా ఇంకో దానివల్లా అని మిషన్ చెప్పలేదు."

అతనికి కోపం నషాళానికి అంటింది. లేచి కూర్చోబోతే ఆమె భుజం మీద చెయ్యి వేసి పడుకోబెట్టింది. "ఎవుర్నడిగినా ఇదే. చీటీ నమ్ముతారు, మిషన్ని నమ్ముతారు, మడిసి చెప్తే నమ్మరేందండీ? తాగలా. ఒక్క చుక్క తాగలా. మా నాయన తాగి చచ్చాడు, నేను తాగలా" అన్నాడు. గది చిన్నది, గొంతు గోడలకు తగిలి తనకే వినపడింది. డాక్టరు పక్కనున్న లైటు వేసి, అతని కాలరు పక్కకు లాగి మెడ చూసింది. వేలితో రాసి చూసింది. రక్తపరీక్ష కాగితం తీసుకుని ఇంకోసారి చదివింది.

"ఇది దుమ్ము కాదు. ఒంట్లో చక్కెర పొంగిపొర్లుతుంటే మెడ ఇలా నల్లబడుతుంది. మందు ఒక్కదానితో ఇది రాదు" అంది. "తీపి ఎక్కువ తింటారా?"

"తిననండి. లడ్లు, జిలేబీలు నాకు పడవు" అన్నాడు. అది నిజమే అనుకున్నాడు.

"తింటాడమ్మా."

తలుపు దగ్గర నుంచి వచ్చింది ఆ మాట. నిన్న మధ్యాహ్నం తరవాత మస్తానమ్మ నోట్లోంచి వచ్చిన మొదటి మాట. ఆమె రెండడుగులు ముందుకు వచ్చింది. "పొద్దున్నే బెల్లం ముక్క, అది నేనే పెడతా. టీలో మూడు చెంచాలు పంచదార, అది నేనే ఏస్తా, రెండేస్తే వాడు తాగడు. మజ్జిగలోకి మళ్ళీ బెల్లం. క్రషర్లో సాయంత్రం ఇంకో ముక్క. ఆదోరం పెద్ద సీసా డ్రింకు. బయట ఎన్ని టీలు తాగుతాడో నాకు తెలవదు." ఎంత ముక్క అని అడిగింది డాక్టరు. మస్తానమ్మ కొంగు ముడి విప్పింది. అందులో కాగితం, కాగితంలో పెద్ద నిమ్మకాయంత బెల్లం. పొద్దుటి నుంచి కడుపు మాడ్చుకుని ఉన్నాడని, స్కానింగు అవగానే పెట్టడానికి తెచ్చింది. మాట్లాడకుండా, ముక్కు ఎగబీలుస్తూ, వాసన చూస్తూ కూడా తెచ్చింది.

"ఎన్నేళ్ళుగా పెడుతున్నారమ్మా?"

"ఆళ్ళ నాయన పొయ్యిన కాణ్ణించి."

"మందు ఎప్పుడైనా?"

మస్తానమ్మ కొడుకు మొహంలోకి చూసింది. "లేదమ్మా. నా బిడ్డ తాగడు" అంది. ఈ మాట కోసమే కదా అతను గంట నుంచి ఉడికిపోతున్నది. వచ్చింది. వచ్చాక కాలరు మళ్ళీ పైకి లాక్కున్నాడు.

డాక్టరు స్టూలు దగ్గరికి లాక్కుంది. ఒంట్లో ఖర్చుకాని తీపినంతా లివరే కొవ్వుగా మార్చి తన దగ్గరే పెట్టుకుంటుందని, ఏళ్ళ తరబడి అలా పెట్టుకుంటే మందు తాగినవాడి లివర్ లాగానే చెడుతుందని, బెల్లమైనా పంచదారైనా డ్రింకు అయినా దానికి ఒకటేనని చెప్పింది. నిద్ర ఎన్ని గంటలు అని అడిగింది. నాలుగు అన్నాడు. ఆ సంగతి చెబుతుండగానే ప్యాంటు జేబులో ఫోను మళ్ళీ వణికింది, అతను పడుకున్నవాడల్లా ఉలిక్కిపడి జేబు తడుముకున్నాడు. డాక్టరు అది చూసింది. "ఇదీ ఒకటి. రోజంతా ఇలా అదురుతూ ఉంటే ఒళ్ళు ఏదో ఆపద వచ్చిందనుకుని రక్తంలోకి చక్కెర వదులుతూనే ఉంటుంది. పైనుంచి మీరు పోస్తారు, లోపలి నుంచి అది పోస్తుంది" అంది. ఇప్పుడైతే ఇంకా దారి ఉందని, తీపి మానేసి, నడిచి, నిద్రపోతే లివర్ మళ్ళీ కోలుకుంటుందని, ఆలస్యం చేస్తే మాత్రం నాయనకు అయినట్టే అవుతుందని దాచకుండా చెప్పింది.

"ఆ టిక్కు కొట్టేయించండి" అన్నాడు మల్లికార్జున.

కొట్టేయించింది. హిమజ కాగితం తీసుకుని, టిక్కు మీద అడ్డంగా గీత గీసి, లేదు అని రాసి, సారీ సార్ అంది. అతను అది తలకిందులుగా చదివాడు. లేదు. ఇంత చిన్న మాట. పొద్దుటి నుంచి దీని కోసం ఎన్ని బల్లలు కొట్టాలనుకున్నాడో, ఎవరెవరి మొహాన పారేయాలనుకున్నాడో, ఇప్పుడు చేతిలో ఉంటే ఎటు పట్టుకోవాలో తెలియలేదు. ముందు బాత్రూంకి పరిగెత్తాడు. తాగిన నీళ్ళన్నీ పోయాయి. కోపం మాత్రం పోలేదు. ఓనరు మీదికి పోయింది, శశికాంత్ మీదికి పోయింది, ఫ్రిజ్ మీదికి, టీవీలో ఆ తెల్లబట్టల వాడి మీదికి, మాస్కుల డబ్బు మిగుల్చుకుని బెల్లం పంచిన ఆ చేతి మీదికి పోయింది. ఈ శనివారం ఆ రెండు లీటర్ల సీసా ఓనరు బల్ల మీదే పెట్టి, నా వాటా మాస్కులుగా ఇవ్వండి అనాలనుకున్నాడు. అంటాడు కూడా. శశికాంత్‌కి ఫోన్ చేసి, ఇయ్యాల బండి రాదు, ఎర్ర చుక్క అట్టాగే చూసుకుంటా కూర్చో అన్నాడు. వాడేదో అంటుండగానే పెట్టేశాడు.

బయటికి వచ్చేసరికి మస్తానమ్మ అదే బెంచీ మీద కూర్చుని ఉంది, ఈసారి మధ్యలో ఖాళీ లేకుండా ఇటు జరిగి కూర్చుంది. కాగితం విప్పి బెల్లం ముక్క ఒళ్ళో పెట్టుకుంది. అతను పక్కన కూర్చోగానే అలవాటు ప్రకారం ఆమె చెయ్యి ముక్కను పట్టుకుని లేచింది, అలవాటు ప్రకారం అతని చెయ్యి ముందుకు వచ్చింది. ఇద్దరూ ఒకేసారి ఆగిపోయారు. ఆమె చెయ్యి అలాగే గాలిలో ఉంది, ఆ వేళ్ళ మధ్య ముక్క చెమటకు కరిగి వేళ్ళకు అంటుకుంటోంది.

"నువ్వు పెడితే మాత్రం? తిన్నది నేను కాదా? నోరు లేదా నాకు?" అన్నాడు. ఊరడిద్దామనుకున్నాడు గానీ, అదీ కసిరినట్టుగానే వచ్చింది.

ఆమె విన్నట్టు లేదు. "మీ నాయనకి పోశాడని ఆ గోపాలకృష్ణయ్య గుమ్మం ఇరవై నాలుగేళ్ళ నుంచి తొక్కలా" అంది మెల్లగా, చేతిలోని బెల్లాన్ని చూస్తూ. "ఇప్పుడు నేను ఎవరి గుమ్మం తొక్కకుండా ఉండాలిరా?"

అతనికి ఒక్కసారిగా ఎంత కోపం వచ్చిందంటే, పదిహేడేళ్ళ వయసులో బేసిన్ పట్టుకున్నప్పుడు రాని ఏడుపు ఇప్పుడు దాని వెంటే వచ్చింది. ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి ఆ ముక్క తీసేసుకున్నాడు. ఎక్కడ పారేయాలో తెలియక పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాడు. "లేమ్మా, ఇంటికి పోదాం. తొక్కాల్సింది మన గుమ్మమే, ఇంకెవరిది" అన్నాడు. లోపల ఇరవయ్యో నంబరు పిలుస్తున్నారు. మస్తానమ్మ లేవలేదు.